ఒక్క రంగు సేటు

సేటు చచ్చిపోయాడని తెలిసిన రోజు నేను మిఠాయి పంచలేదు. పంచకూడదని కాదు. ఆ పూట నా దుకాణంలో పెళ్ళి ఆల్బం ఒకటి ప్రింటరు మీద నడుస్తోంది, వదిలేసి పోవడానికి లేదు. లేకపోతే ఎదురు హోటల్లో జిలేబీ కట్టించుకుని, బోధన్ బస్టాండు రోడ్డు పొడుగునా ఒక్కొక్కరి చేతిలో పెట్టి, "తినుండ్రి, సేటు పోయిండు" అని చెప్పేదాన్నే. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నాకు ఆ గుణం లేదు. ఆయనకు అంతకన్నా లేదు. పోయినవాళ్ళ పరువు గోడకు ఎట్లా వేలాడదీయవచ్చో ఈ ఊరికి చూపించినవాడే ఆయన.

పేరు చెప్పను. చెబితే తలుచుకున్నట్టవుతుంది. ఊరంతా "ఒక్క రంగు సేటు" అనేవాళ్ళు, నేనూ అదే అంటాను. ఫోటో మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చి, అందులో ఒక్కచోట మాత్రం రంగు మిగల్చడం మా బోధన్‌కి తెచ్చింది ఆయనే. పెళ్ళికూతురి చీర ఒక్కటే ఎర్రగా ఉండేది, మంటపం, బంధువులు, అయ్యగారు అంతా బూడిద రంగులో ఉండేవాళ్ళు. లేదంటే చంటిపిల్ల చేతిలో బెలూను ఒక్కటే పచ్చగా కనిపించేది. జనం వెర్రెక్కిపోయారు. బిలోలి నుంచి, ధర్మాబాద్ నుంచి మరాఠీవాళ్ళు కూడా బస్సెక్కి వచ్చి "కుంకూ లాల్ ఠేవా సేటు" అంటూ బల్ల ముందు నిలబడేవాళ్ళు. బొట్టు ఎర్రగా ఉంచమని అడగడం అది.

రంగు ఎక్కడ ఉంచాలో జనం చెప్పేవాళ్ళు. ఉంచడం మాత్రం ఆయన ఇష్టం.

మనిషి సన్నగా ఉండేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా, ఒక బుగ్గలో పాన్. కుడిచేతి చూపుడువేలు ఎన్నేళ్ళు చూసినా ముదురు గులాబీ రంగులోనే ఉండేది. హైదరాబాద్ నుంచి సీసాల్లో లూజు ఇంకు తెప్పించి, సూదితో ప్రింటరు డబ్బాల్లోకి తనే ఎక్కించుకునేవాడు, ఆ మరక. చూసినవాళ్ళు పాన్ మరక అనుకునేవాళ్ళు. ఆ వేలు మన వైపు చూపించి మాట్లాడితే ఏదో నేరం చేసి దొరికిపోయినట్టు ఉండేది.

ఫోటో అచ్చయి బయటికి రాగానే దుకాణంలో చూసేవాడు కాదు. తీసుకుని నడిరోడ్డు మీదికి పోయేవాడు. చెయ్యి బారచాచి, ఒక కన్ను మూసి, ఎండలో పట్టి చూసేవాడు. చెరకు లారీలు వెనక నుంచి హారన్ కొడుతుంటే కదిలేవాడు కాదు. లారీవాళ్ళే తిట్టుకుంటూ పక్క నుంచి తిప్పుకుపోయేవాళ్ళు. తనకు తృప్తి అయ్యాకే "ఊఁ" అనేవాడు. ఎవరైనా "సేటూ, జర నా మొఖం సాఫ్ జెయ్యవా" అంటే, "గది నేను సూసుకుంట" అనేవాడు. ఆయన నోట ఎక్కువసార్లు విన్న మాట అదే. ఎవరైనా ఎదురు చెబితే రెండో మాట వచ్చేది: "రంగు అందరికి ఉండది."

ఆయన అరవగా నేను చూడలేదు. కోపం వస్తే దువ్వెన దాచేవాడు. స్టూడియోలో అద్దం పక్కన మేకుకు దారంతో కట్టిన దువ్వెన ఒకటి, పౌడరు డబ్బా ఒకటి ఉండేవి. తనకు పడనివాళ్ళు ఫోటోకి వస్తే దువ్వెన సొరుగులోకి పోయేది. వాళ్ళు చేత్తోనే జుట్టు సర్దుకుని కూర్చునేవాళ్ళు. జుట్టు లేచి ఉన్న ఫోటో ఆధార్ కాగితాల మీద, బ్యాంకు పుస్తకాల మీద వాళ్ళను ఏళ్ళ తరబడి వెక్కిరించేది. అది చిన్న పగకు. పెద్ద పగకు వేరే పద్ధతి ఉండేది.

ఏర్గట్ల దగ్గర పసుపు పండించే పెద్ద రైతు ఇంట్లో పెళ్ళి. పెళ్ళికూతురి మేనమామ, పాపం, పనుల హడావుడిలో సేటుని ఆఖరి బంతిలో కూర్చోబెట్టాడు. కూర అడుగంటింది, పెరుగు అయిపోయింది. సేటు ఉన్నదే తిన్నాడు. చెయ్యి కడుక్కుని, "మంచిగున్నది బువ్వ" అని వచ్చాడు. ఆల్బం అచ్చయ్యాక చూస్తే అంతా నిండు రంగుల్లో ఉంది. పసుపు పూసిన గడప, పట్టుచీరలు, అరటాకులు అన్నీ మెరుస్తున్నాయి. వాటి మధ్యలో మేనమామ ఒక్కడే, ప్రతి ఫోటోలో, నలుపు తెలుపులో ఉన్నాడు.

మా వైపు గోడ మీద నలుపు తెలుపులో ఉండే మనిషి అంటే పోయిన మనిషే. దండ వెయ్యడం ఒక్కటే తక్కువ. ఆ ఇంటి ఆడవాళ్ళు ఆల్బం చూసి నెత్తి కొట్టుకున్నారట. మేనమామ స్టూడియోకి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సేటూ గిది? నేను బతికున్న గదా!"

"ఉన్నవ్ గదా, ఎవరు కాదన్నరు?"

"మరి నాకు రంగేది?"

"రంగు అందరికి ఉండది" అన్నాడు సేటు, పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంటూ.

ఆ కథ ఊరంతా చెప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను. నా దాకా రాలేదు కదా అప్పటికి.

మా అమ్మను మేము అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. అవ్వ బీడీలు చుట్టేది. పొద్దున లేవగానే గోడకు అతికించిన అద్దం ముక్కలో చూసుకుని, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు దిద్దుకున్నాకే ఒళ్ళోకి ఆకుల చాట తీసుకునేది. మా బాపు చెరకు లారీ నడిపేవాడు. ఒక గానుగ సీజనులో మహారాష్ట్ర వైపు లోడుతో పోయినవాడు తిరిగి రాలేదు. లారీ వచ్చింది, వేరే డ్రైవరు తోలుకొచ్చాడు. బాపు ఏమయ్యాడంటే ఎవరికీ తెలియదు. సంవత్సరాలు గడిచాక చుట్టాలు మెల్లగా మొదలుపెట్టారు: ఇంకా ఎందుకా బొట్టు, ఇంకా ఎందుకా గాజులు. అవ్వ చేతిలో బీడీ దారం బిగిస్తూనే చెప్పేది. "సచ్చిండని ఎవడు జెప్పిండు? జూసినోణ్ణి తోల్కరా, అప్పుడు తుడుస్త." పేరంటాలకు పిలవకపోయినా పోయేది. బొట్టు పెట్టేవాళ్ళు తనని దాటి పక్కామెకు పోతే, భరిణెలో తనే వేలు ముంచి పెట్టుకునేది. అవ్వకు సిగ్గు లేదనేవాళ్ళు. నాకు మాత్రం అవ్వను చూస్తే ఛాతీ ఉప్పొంగేది.

బీడీ కార్మికుల కార్డులకు ఫోటోలు కావాలని ఒకసారి మా వాడలో ఆడవాళ్ళంతా సేటు దగ్గర వరస కట్టారు. నేనూ అవ్వ వెంట ఉన్నాను. అవ్వ స్టూలు మీద కూర్చోగానే సేటు కెమెరా వెనక నుంచి తల ఎత్తాడు.

"గంత పెద్ద బొట్టు ఎవరి కోసం పెట్టినవ్? మొగడు పత్తా లేడాయె. తుడ్సుకోని కూసో, లైటుకు మెరుస్తున్నది."

వరసలో ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. అవ్వ లేవలేదు. కొంగు సర్దుకుంది. వేలు చూపించడం ఆయనకే వచ్చనుకున్నాడేమో, అవ్వ తన వేలు ఆయన వైపు చూపించి, దుకాణం బయటికి కూడా వినబడేట్టు అన్నది.

"నా బొట్టు సంగతి నీకెందుకు సేటూ? పోయి నీ పెండ్లాం బొట్టు సూసుకో ముందుగాల!"

ఈసారి నవ్వు ఆయన మీద పడింది. వరసంతా విరగబడి నవ్వింది. స్టూడియో లోపల ఒక పరదా ఉండేది, దాని వెనక గదిలో ఆయన భార్య కంప్యూటరు ముందు కూర్చుని పని చేస్తుందని అందరికీ తెలుసు. ఆ పరదా వెనక నుంచి కూడా ఒక నవ్వు వినిపించింది. ఆపుకోలేక ఫక్కున వచ్చిన నవ్వు. సేటు పరదా వైపు ఒకసారి, అవ్వ వైపు ఒకసారి చూశాడు. "గది నేను సూసుకుంట" అని మెల్లగా అని ఫోటో నొక్కాడు.

మేము మరిచిపోయాం. ఆయన మరిచిపోలేదు.

అవ్వకు ఊపిరితిత్తులు పాడయ్యాయి, బీడీ ఆకుల దుమ్ముకి పాడుకాక ఏం చేస్తాయి. మంచం పట్టాక నన్ను అడిగింది ఒక్కటే. "బిడ్డా, నా ఫోటోల బొట్టు పెద్దగ, ఎర్రగ కొట్టొచ్చినట్టు ఉండాలె. నేను ముత్తైదువోలె పోతున్న. అందరికి తెల్వాలె." అంతకుమించి ఏమీ అడగలేదు. నగలా, నట్రా, ఏమున్నాయని అడుగుతుంది.

అప్పటికి ఊళ్ళో పోయినవాళ్ళ ఫోటోలన్నీ సేటు చేతి మీదే. ఆయన పెట్టిన పద్ధతే పద్ధతి. మొగుడు ఉండగా పోయిన ఆడమనిషైతే ఫోటో అంతా నలుపు తెలుపు, బొట్టు ఒక్కటే ఎరుపు. మొగుడు లేని మనిషైతే ఎక్కడా రంగు ఉండదు. ఫోటో చూడగానే ఎవరు ఏమిటో జనం చదువుకునేవాళ్ళు. పదో రోజున ఆ ఫోటో ముందు పళ్ళెంలో కుంకుమ పెడితే, వచ్చిన ముత్తైదువలు తలా చిటికెడు తీసుకుని పుస్తెలకు అద్దుకునేవాళ్ళు. అట్లా తీసుకోవడం పోయినామెకు గొప్ప మర్యాద. అవ్వ జీవితమంతా పోట్లాడి తీసుకున్న బొట్టు, ఆ ఒక్కరోజు అందరూ అడగకుండా ఆమె దగ్గర తీసుకోవాలి. నాకు కావలసింది అదే.

అవ్వ పోయాక, కార్డు ఫోటోనే పెద్దది చేయమని సేటుకి ఇచ్చాను. బొట్టు గురించి చెప్పాను. మళ్ళీ చెప్పాను. ఆయన నా మొహం కూడా చూడలేదు.

"గది నేను సూసుకుంట."

పదో రోజు పొద్దున, చుట్టాలు దిగాక, పేపరు చుట్టి తాడు కట్టిన ఫ్రేము పంపించాడు. ముందే చూసుకునే సమయం లేకుండా అట్లా పంపడం కూడా లెక్క ప్రకారమే అని నాకు తరువాత అర్థమైంది. కుర్చీ మీద పెట్టి, అందరి ముందూ పేపరు చింపాను. అవ్వ ఉంది. నుదుటి మీద రూపాయి బిళ్ళంత బూడిద మచ్చ ఉంది.

మా మేనత్త, బాపుకి స్వయానా అక్క, పక్కామె చెవిలో అన్నది నాకు వినబడింది. "సేటు ధర్మాబాద్ దిక్కు పోతుంటడు గదా. మా తమ్ముని సంగతి ఏదో తెల్సే ఉంటది." అంతే. పళ్ళెం దాకా వచ్చిన చేతులు వెనక్కి పోయాయి. ఒక్కామె అయితే వేలికి అంటిన కుంకుమను చీర చెంగుకు తుడుచుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. కుంకుమ తీసి ఫోటో మీద నేనే బొట్టు పెట్టబోయాను. అద్దం మీద పొడి నిలవలేదు. నీళ్ళతో తడిపి పెట్టాను. అది జారి అవ్వ ముక్కు మీదికి, అక్కడి నుంచి పెదాల మీదికి వచ్చింది. మేనత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. పళ్ళెంలో కుంకుమ ఎట్లా పోసింది అట్లాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే స్టూడియోకి పోయాను. సేటు ఎవరి పెళ్ళి ఫోటోనో ఎండలో పట్టుకుని చూస్తున్నాడు.

"మా అవ్వ బొట్టు ఎందుకు తీసినవ్?"

"నీ బాపు ఉన్నడా?"

"ఉన్నడు."

"ఏడి?"

ఆయన మూసిన కన్ను తెరవకుండానే అన్నాడు. "నేను అబద్ధం అచ్చెయ్య. మీ బాపును తోల్కరా, అప్పుడు ఎరుపు ఏసిస్త." తరువాత లోపలికి పోయి, నేను చూస్తుండగానే అద్దం పక్కన వేలాడే దువ్వెన తీసి సొరుగులో వేశాడు. నాకప్పుడు అవ్వ వేలు, ఆ వరస, ఆ నవ్వు అన్నీ గుర్తుకొచ్చాయి. ఓరి నీ పాడె గట్ట, ఇంతకాలం కడుపులో పెట్టుకున్నావా అనుకున్నాను. ఇంటికి పోయి ఏడవలేదు. పళ్ళు కొరుక్కున్నాను.

మరుసటి సంవత్సరం బాపు దొరికాడు. ధర్మాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాలు మోస్తూ మావాళ్ళకే కనబడ్డాడు. అక్కడ ఇంకో ఇల్లు, ఇంకో సంసారం. నేను పోయాను. నాలుగు మాటలు అనాలనుకున్నాను గానీ ఆయన మీద ఉమ్మడానికి కూడా బుద్ధి పుట్టలేదు. "జర గిటు సూడు" అని ఫోనుతో ఒక ఫోటో తీసుకుని వచ్చేశాను. అంతే నాకు ఆయనతో పని. దాన్ని నిజామాబాద్‌లో నిండు రంగుల్లో అచ్చు వేయించి, తీసుకుపోయి సేటు బల్ల మీద పెట్టాను.

"ఇగో, తోల్కచ్చిన."

సేటు చాలాసేపు చూశాడు. గులాబీ వేలితో ఫోటో అంచు తట్టాడు. తప్పయిందనే మాట ఆయన నోట వస్తుందని నేను ఎదురుచూశాను, ఒట్టు, నిజంగానే చూశాను. వస్తే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"అయితే మీ అవ్వది పట్కరా" అన్నాడు. "ఎరుపు ఏసిస్త."

"నువ్వు ఎయ్యకు" అన్నాను. "నీ చెయ్యి మా అవ్వ మొఖం మీద పడొద్దు. నేనే ఏస్త."

వెయ్యడం నేర్చుకోవడానికి నిజామాబాద్‌లో ఒక ఫ్లెక్సీ దుకాణంలో పనికి కుదిరాను. కంప్యూటరు మీద బొమ్మ దిద్దడం అక్కడే నేర్చుకున్నాను. ప్రింటరు బూడిద రంగును ఒక్క నలుపు ఇంకుతో చెయ్యదనీ, నీలం, గులాబీ, పసుపు కలిపి చేస్తుందనీ, అందులో గులాబీ తగ్గితే మొహం పచ్చగా పసిరెక్కుతుందనీ తెలుసుకున్నాను. నాకు పనికొచ్చిన ముక్క ఇంకోటి ఉంది. సేటు వాడే లూజు ఇంకు ఎండకు నిలవదు. అందులో మొదట పోయేది గులాబీ రంగే. గులాబీ పోతే ఎరుపు పోతుంది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు పండగే. అంటే సేటు ఎర్రగా ఉంచిన బొట్లు కూడా గోడల మీద పాలిపోతూనే ఉన్నాయన్నమాట!

నిలిచే ఇంకు వేసే ప్రింటరు తెచ్చుకుని, సరిగ్గా ఆయన స్టూడియోకి ఎదురుగా దుకాణం పెట్టాను. మొట్టమొదట వేసింది అవ్వ ఫోటో. రూపాయి బిళ్ళంత ఎర్రటి బొట్టుతో దుకాణం గుమ్మానికి ఎదురుగా, రోజంతా సేటు కళ్ళకు కనబడేట్టు పెట్టాను. కావాలనే పెట్టాను.

ఆ తరువాత నేను ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు. మాక్లూర్ నుంచి ఒకామె వాళ్ళ అత్త ఫోటో సంచిలో పెట్టుకుని వచ్చింది. "అక్కా, సూడు, మా అత్త బొట్టు పోయింది. మామ ఇంకా బతికే ఉన్నడు, అపశకునం అంటుండు." బొట్టు ఉన్నచోట పాలిపోయిన పసుపు మచ్చ, మొహమంతా పచ్చని పసిరి. నేను మళ్ళీ వేసిచ్చాను. ఆమె పోయి ఇంకో నలుగురికి చెప్పింది. ఊళ్ళో ముత్తైదువలందరి బొట్లు సేటు తుడిచేశాడని మాట లేచింది. ఆయన చేసిన ఒక్క తుడుపుకి, చెయ్యని తుడుపులన్నీ మెడకు చుట్టుకున్నాయి. మేనమామను బూడిద చేసిన ఏర్గట్ల వాళ్ళు కూడా నా దగ్గరికే వచ్చారు. వాళ్ళకు మేనమామను పచ్చటి తలపాగాతో వేసిచ్చాను.

సేటు పద్ధతి మారలేదు. రోడ్డు మీదికి వచ్చి ఫోటో ఎండలో పట్టుకునేవాడు. అచ్చు వేయడానికి కొత్తవి లేకపోతే పాతవే తెచ్చి పట్టుకునేవాడు. ఒక కన్ను మూసి, తెరిచిన కన్నుతో ఫోటో అంచు మీంచి నా దుకాణంలోకి, అవ్వ వైపు చూసేవాడు. నేను నా కుర్చీ ఆ వైపే వేసుకునేదాన్ని. జాలి పడ్డానని రాస్తే నలుగురు మెచ్చుకుంటారు గానీ, నేను పడలేదు.

ఆయన పోయిన నాలుగైదు రోజులకు, పొద్దున్నే దుకాణం తెరుస్తుంటే ఆయన భార్య రోడ్డు దాటి వచ్చింది. ఆమెను పరదా బయట చూడటం నాకు అరుదు. నుదుట బొట్టు ఉంది, చేతుల నిండా ఎర్ర గాజులు ఉన్నాయి. పదో రోజు వచ్చేదాకా ఉంటాయి. ఆ రోజు ఇంటి ఆడవాళ్ళే తుడిచి, పగలగొట్టి, తీసేస్తారు.

చేతిలో ఒక పాత ఫోటో ఉంది. ఆమె, సేటు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. నిండు రంగుల ఫోటో. నేను మనసులోనే లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఆయన్ని పసిరెక్కిన మొహంతో అచ్చు వేద్దామా. లేక అంతా నలుపు తెలుపు చేసి, ఆ గులాబీ వేలు ఒక్కటే రంగులో ఉంచుదామా, ఊరంతా చూసేట్టు. చేతులు దురద పెట్టాయి.

"ఆయన ఒక్కడిదే కట్ జెయ్యాల్నా అక్కా?" అని అడిగాను.

"వద్దు. ఇద్దరం ఉండాలె. ఆయనది నలుపు తెలుపు చెయ్యి. నాది బొట్టు, గాజులు ఎర్రగ ఉంచు."

నాకు అర్థం కాలేదు. "దినం రోజు పెట్టే ఫోటోల బతికున్నోళ్ళను పెడ్తరా? జనం ఏమంటరు?"

"బతికున్న గనకనే గదా రంగు పెట్టుమంటున్న" అన్నది ఆమె. కుర్చీ లాక్కుని కూర్చుంది. గుమ్మానికి ఎదురుగా ఉన్న అవ్వ ఫోటో వైపు చూసింది. "మీ అవ్వ బొట్టు నేను ఎర్రగనే ఉంచిన చెల్లె. నువ్వు జెప్పింది పరదా ఎనక నుంచి విన్న. మౌసు పట్టుకోని నేనే దిద్దిన. ఆయనొచ్చి సూసిండు. నన్ను లేపి, నా కుర్చీల కూసోని, తన చేత్తోని తీసిండు. తీసుకుంట ఏమన్నడో తెల్సా? 'నా పెండ్లాం బొట్టు సూసుకుమ్మన్నది గదా, ఇగ తనది సూస్కోమను' అన్నడు."

నేను అవ్వ ఫోటో వైపు తిరిగాను.

"గా రోజు నేను లోపల్నుంచి నవ్విన, యాదున్నదా? గా నవ్వుకు, మల్ల నా ఫోటో ఒక్కటి గుడ తియ్యలే. ఊరందరివి దీసిండు. గిది గా రోజుకు ముందటిది. గిదొక్కటే ఉన్నది." ఫోటో మీద తన మొహాన్ని వేలితో తాకింది. "ఎవరి బొట్టు ఉంచాలె, ఎవరిది తియ్యాలె అని ఇన్నేండ్లు ఆయన జెప్పిండు. నాది నేను తియ్య. తియ్యనియ్య."

ఆ ఫోటో మీద నేను కూర్చున్నంత శ్రద్ధగా ఏ పెళ్ళికూతురి ఫోటో మీదా కూర్చోలేదు. సేటులో ఉన్న రంగునంతా పిండేశాను. తెల్ల చొక్కా మీది నీలి నీడ తీశాను. పెదాల మీది పాన్ ఎరుపు తీశాను. చూపుడువేలి గులాబీ దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఉంచితే ఆయన పగ గుర్తుంటుంది జనానికి. కానీ ఉంచితే ఆయనకి కూడా ఒక రంగు ఉన్నట్టే కదా అనిపించి, అదీ తీసేశాను. ఆమె బొట్టు, గాజులు మాత్రం నిప్పుల్లా ఉంచాను. ఎంత ఎండ తగిలినా పోని ఇంకుతో వేశాను. అచ్చయ్యాక నేను కూడా రోడ్డు మీదికి పోయి, ఒక కన్ను మూసి, ఎండలో పట్టి చూశాను. ఆయన స్టూడియో షట్టరు మూసి ఉంది. "ఊఁ" అన్నాను.

పదో రోజు పిలవకుండానే వాళ్ళింటికి పోయాను. వాళ్ళకు పిల్లలు లేరు, సేటు వాళ్ళన్న కర్మ చేస్తున్నాడు. ఫోటో కుర్చీ మీద పెట్టి ఉంది. దండ తన మీద పడకుండా, సేటు వైపు మాత్రమే వేసింది ఆమె. గుమిగూడిన జనం ఫోటోను చూస్తున్నారు, పక్కన కూర్చున్న ఆమెను చూస్తున్నారు. సేటు అన్నకు ఒళ్ళు మండింది. నన్ను చూడగానే మీదికి వచ్చాడు.

"నువ్వేనా అచ్చేసింది? మా తమ్మునికి రంగేది? గామెకు బొట్టేంది?"

ఈ మాట కోసం నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో ఆయనకేం తెలుసు.

"రంగు అందరికి ఉండది పెదనాయనా" అన్నాను.

గుంపులో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. అది ఎవరి మాటో ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. సేటు అన్న, ఇంటి ఆడవాళ్ళ వైపు తిరిగి, "సూస్తరేంది, కానియ్యుండ్రి" అన్నాడు. ఇద్దరు ముసలమ్మలు లేచి ఆమె దగ్గరికి పోయారు. ఒకామె తడిగుడ్డ పట్టుకుంది. సేటు భార్య కూర్చున్నచోటి నుంచి లేవలేదు. కొంగు సర్దుకుంది. వేలు ఎత్తి కుర్చీ మీది ఫోటో చూపించింది.

"అండ్ల ఎట్లున్ననో గట్లనే ఉంట. నా మీద చెయ్యి పడితే బాగుండది."

తడిగుడ్డ పట్టుకున్నామె ఆగింది. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడింది. అటు దేవుడి గూట్లో కుంకుమ భరిణె ఉంది. నేను పోయి తీశాను. ఆమె ముందు కూర్చుని, రూపాయి బిళ్ళంత బొట్టు దిద్దాను. ఆమె భరిణెలో వేలు ముంచి నా నుదుట పెట్టింది. తరువాత ఎవరో ఒకామె వచ్చి పక్కన కూర్చుంది, ఆమెకూ పెట్టింది. తడిగుడ్డ ఎవరి చేతిలోంచి ఎటు పోయిందో నేను చూడలేదు. ఫోటోలో సేటు ఆమె పక్కనే కూర్చుని, బూడిద కళ్ళతో అంతా చూస్తున్నాడు. చూడనీ. ఆ ఇంట్లో, ఆ గోడ మీద, ఆ ఎరుపు పక్కన ఎన్నాళ్ళైనా అట్లాగే కూర్చుంటాడు.

తిరిగొచ్చి దుకాణం తెరిచాను. అవ్వ ఫోటో అద్దం మీది దుమ్ము కొంగుతో తుడిచి, ఎదురుగా నిలబడి చెప్పాను.

"అవ్వా, సేటు పెండ్లాం బొట్టు నేను జూసుకున్న."